స్కౌట్లను ఒక్కతాటిపైకి తెచ్చిన దౌత్యవేత్త హృదయనాథ్ కుంజ్రూ

మూడు దశాబ్దాలు పెంచిన సంఘాన్ని ఐక్యత కోసం విలీనం చేసిన సేవావ్రతుడు

ఏటా నవంబరు 7వ తేదీ వచ్చిందంటే మెడలో స్కార్ఫు ధరించిన విద్యార్థులు చిన్న చిన్న జెండా స్టిక్కర్లు చేతబట్టి దుకాణాలకు, కార్యాలయాలకు వెళ్లి విరాళాలు సేకరిస్తుంటారు. అది భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ జెండా దినం. ఆ తేదీకి ఒక చరిత్ర ఉంది. 1950లో సరిగ్గా అదే రోజున, అంతవరకు వేర్వేరు జెండాల కింద నడిచిన స్కౌటు సంఘాలు ఒక్కటయ్యాయి. ఆ ఐక్యతకు పాటుపడిన పెద్దలలో పండిట్ హృదయనాథ్ కుంజ్రూ అగ్రగణ్యులు.

తెలుగువారికి కుంజ్రూ పేరు మరో సందర్భంలో సుపరిచితం. 1953 డిసెంబరులో కేంద్రం నియమించిన రాష్ట్రాల పునర్విభజన సంఘంలో ఫజల్ అలీ అధ్యక్షులు కాగా, కుంజ్రూ, కె.ఎం.పణిక్కర్ సభ్యులు. తెలంగాణ, ఆంధ్ర ప్రాంతాల భవితవ్యంపై చర్చ జరిగిన ప్రతిసారీ ఆ నివేదిక ప్రస్తావన వస్తూనే ఉంది. అయితే ఆ నివేదికపై సంతకం చేసిన పెద్దమనిషి యౌవనం నుంచి స్కౌటు ఉద్యమానికి అంకితమైన వ్యక్తి అన్న విషయం తెలిసినవారు అరుదు.

బాల్యం, విద్య

కుంజ్రూ 1887 అక్టోబరు 1న ఆగ్రాలో కాశ్మీరీ పండితుల కుటుంబంలో జన్మించారు. తండ్రి అయోధ్యానాథ్ కుంజ్రూ పేరుమోసిన న్యాయవాది. 1888లో అలహాబాదులో జరిగిన కాంగ్రెస్ మహాసభకు ఆహ్వాన సంఘ బాధ్యతలు మోసిన నాయకుడు. హృదయనాథ్‌కు అయిదేళ్లు నిండకముందే, 1892లో ఆ తండ్రి కన్నుమూశారు. తండ్రి నీడ కరవైనా ఆయన నడిచిన ప్రజాజీవిత మార్గాన్ని కుమారుడు వీడలేదు. అలహాబాదులో ఉన్నత విద్య అభ్యసించి, లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లోనూ కొంతకాలం చదువుకున్నారు.

అంతకుముందే, 1909లో గోపాలకృష్ణ గోఖలే స్థాపించిన సర్వెంట్స్ ఆఫ్ ఇండియా సొసైటీలో ఆయన చేరారు. ఆ సంఘంలో చేరినవారు సొంత సంపాదన మాట మరచి, సంఘం ఇచ్చే స్వల్ప భృతితో బతుకుతూ దేశసేవకే జీవితాన్ని ధారపోయాలి. ఇరవై రెండేళ్ల వయసులో స్వీకరించిన ఆ వ్రతాన్ని కుంజ్రూ చివరి శ్వాస వరకు పాటించారు. 1936 నుంచి తుదివరకు ఆ సొసైటీకి ఆయనే అధ్యక్షులు.

కుంభమేళాలో సేవాదళం

స్కౌటు ఉద్యమంలోకి కుంజ్రూను నడిపించినది తీర్థయాత్రికుల సేవ. మదనమోహన మాలవీయ నాయకత్వంలో అలహాబాదు కేంద్రంగా సేవాసమితి ఏర్పడినప్పుడు కుంజ్రూ దానికి వెన్నెముకగా నిలిచారు. 1915లో హరిద్వార్ కుంభమేళాకు లక్షలాది యాత్రికులు తరలివచ్చారు. తొక్కిసలాట, తప్పిపోయిన పిల్లలు, కలరా భయం, మరుగుదొడ్ల సమస్య ఆనాటి మేళాలకు నిత్య బెడదలు. సేవాసమితి స్వచ్ఛంద సేవకుల బృందాన్ని అక్కడికి నడిపించినది కుంజ్రూయే. డాక్టర్ దేవ్ ఆ శిబిరానికి వైద్యాధికారి.

దక్షిణాఫ్రికా నుంచి అప్పుడే స్వదేశానికి చేరిన మహాత్మాగాంధీ తన ఫీనిక్స్ ఆశ్రమ బృందాన్ని వీరికి తోడుగా పంపి, తానూ హరిద్వార్ వెళ్లారు. మరుగుదొడ్ల గుంతలపై మట్టి కప్పే పనిని ఆ బృందం తలకెత్తుకుంది. చదువుకున్న యువకులు పారిశుద్ధ్య పనికి దిగడం ఆ రోజుల్లో సామాన్య విషయం కాదు. గాంధీజీ తన ఆత్మకథలో ఈ మేళాకు ఒక అధ్యాయాన్నే కేటాయించి, అందులో కుంజ్రూ నాయకత్వాన్ని పేర్కొన్నారు.

సేవ చేయాలన్న మనసు ఒక్కటే చాలదు, దానికి శిక్షణ, క్రమశిక్షణ తోడు కావాలి. గాయానికి కట్టు కట్టడం, గుంపును అదుపు చేయడం, దారితప్పినవారిని ఇల్లు చేర్చడం, మంట ఆర్పడం వంటివి చిన్ననాటినుంచే నేర్పితే దేశానికి పనికివచ్చే పౌరులు తయారవుతారు. ఆ శిక్షణకు తగిన పద్ధతి స్కౌటింగ్‌లో సిద్ధంగా ఉంది.

తెల్లవారి పిల్లలకే పరిమితం

స్కౌటింగ్‌కు ఆద్యుడు బ్రిటిష్ సైన్యాధికారి బేడెన్ పావెల్. 1907 ఆగస్టులో ఇంగ్లండు తీరంలోని బ్రౌన్‌సీ దీవిలో ఇరవై మంది బాలురతో ఆయన నిర్వహించిన శిబిరం నుంచి ఈ ఉద్యమం పుట్టింది. రెండేళ్లకే, 1909లో, బెంగుళూరులో తొలి స్కౌటు దళం వెలసింది. కానీ అందులో ప్రవేశం యూరోపియన్, ఆంగ్లో ఇండియన్ బాలురకు మాత్రమే. సొంత గడ్డపై భారతీయ బాలురకే తలుపులు మూసి ఉంచారు.

ఈ వివక్షకు జవాబుగా భారతీయులు సొంత దళాలు నిర్మించుకున్నారు. మద్రాసులో అనీబిసెంట్, జార్జి అరండేల్ భారతీయ బాలుర కోసం స్కౌటు సంఘం నెలకొల్పారు. నేటి కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పట్లో మద్రాసు రాజధానిలో భాగమే. ఉత్తరాదిన షాజహాన్‌పూర్‌లో శ్రీరామ్ బాజ్‌పాయ్ దళాన్ని తీర్చిదిద్దారు. మాలవీయ, కుంజ్రూ, బాజ్‌పాయ్‌ల కృషితో 1918 నాటికి అలహాబాదు కేంద్రంగా సేవాసమితి స్కౌటు సంఘం రూపుదిద్దుకుంది. మాలవీయ పెద్దరికం, బాజ్‌పాయ్ శిక్షణ, కుంజ్రూ నిర్వహణ దక్షత దానికి మూడు స్తంభాలు. మేళాలు, వరదలు, అంటువ్యాధులు ఎక్కడ ఉంటే అక్కడ సేవకు దిగడం సేవాసమితి సంప్రదాయం. ఆ సంప్రదాయమే ఆ స్కౌట్లకూ వచ్చింది.

1921లో వైస్రాయి చెమ్స్‌ఫర్డు ఆహ్వానంపై బేడెన్ పావెల్ భారతదేశానికి వచ్చారు. దేశంలోని సంఘాలన్నిటినీ ఒకే గొడుగు కిందికి తేవడం ఆ పర్యటన ఉద్దేశం. అప్పటికి భారతీయ బాలురకు తలుపులు తెరుచుకున్నాయి. అనీబిసెంట్ సంఘం అందులో విలీనమైంది. సేవాసమితి సంఘం మాత్రం స్వతంత్రంగానే కొనసాగింది. స్కౌటు ఆదర్శాలతో కుంజ్రూకు పేచీ లేదు. ఆ ఆదర్శాలను భారతీయ బాలురకు నేర్పే సంస్థ పగ్గాలు భారతీయుల చేతుల్లోనే ఉండాలన్నది సేవాసమితి పట్టు.

1937 ఫిబ్రవరిలో ఢిల్లీలో అఖిల భారత జంబోరీ జరిగింది. బేడెన్ పావెల్ దానికి హాజరయ్యారు. ఆ పర్యటన అనంతరం భారతీయుల శీలంపై ఆయన రాసిన వ్యాఖ్యలు దేశంలో తీవ్ర నిరసనకు దారితీశాయి. అనేకులు పాత సంఘాన్ని వీడారు. వారు సేవాసమితితో చేతులు కలపగా 1938లో హిందూస్థాన్ స్కౌట్ అసోసియేషన్ ఏర్పడింది. బాలురతోపాటు బాలికలకూ చోటు కల్పించిన సంస్థ అది. బేడెన్ పావెల్ వ్యాఖ్యలను తప్పుపట్టినవారు ఆయన కనిపెట్టిన శిక్షణ పద్ధతిని మాత్రం విడిచిపెట్టలేదు.

ప్రవాసుల పక్షాన గళం

ఇదే కాలంలో కుంజ్రూ విదేశాల్లోని భారతీయుల కష్టాలపై దృష్టి సారించారు. 1929లో తూర్పు ఆఫ్రికా భారతీయుల కాంగ్రెస్ నైరోబీ సమావేశానికి అధ్యక్షత వహించారు. రెండో ప్రపంచ యుద్ధంలో జపాను సేనలు బర్మాను ఆక్రమించినప్పుడు లక్షలాది భారతీయులు కొండలు, అడవులు దాటి కాలినడకన స్వదేశానికి తరలివచ్చారు. రంగూన్ రేవులో, బియ్యం మిల్లుల్లో పొట్టపోసుకున్న ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల కూలీలు ఆ కాందిశీకుల్లో ఎందరో ఉన్నారు. దారి పొడవునా తెల్లవారికి ఒక రకం, నల్లవారికి మరో రకం ఏర్పాట్లు సాగుతున్నాయన్న ఆరోపణలు వచ్చాయి. 1942లో ఎం.ఎస్.ఆణేతో కలిసి కుంజ్రూ అస్సాం ప్రాంతానికి వెళ్లి కాందిశీకుల స్థితిని స్వయంగా చూశారు. ఆ వివక్షను బయటపెట్టారు.

అంతర్జాతీయ వ్యవహారాలను భారతీయులు సొంత కళ్లతో చూడాలన్న సంకల్పంతో 1943లో ఇండియన్ కౌన్సిల్ ఆఫ్ వరల్డ్ అఫైర్స్ ఏర్పడింది. దాని నిర్మాతల్లో కుంజ్రూ ఒకరు. తేజ్ బహదూర్ సప్రూ తరువాత దీర్ఘకాలం దానికి అధ్యక్షులుగా వ్యవహరించారు. 1947లో ఢిల్లీలో ఆసియా సంబంధాల మహాసభను నిర్వహించినది ఈ సంస్థే. విదేశీ వ్యవహారాల్లో పరిశోధన కోసం 1955లో నెలకొల్పిన ఇండియన్ స్కూల్ ఆఫ్ ఇంటర్నేషనల్ స్టడీస్ వెనుక కూడా ఆయన కృషి ఉంది. తరువాతి కాలంలో ఆ విద్యాసంస్థ జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో కలిసింది.

ఒకే ఏడాది, రెండు చర్చలు

కుంజ్రూ జీవితంలో 1950వ సంవత్సరం ప్రత్యేకమైనది. ఆ ఏడాది ఫిబ్రవరిలో దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌కు వెళ్లిన భారత ప్రతినిధి బృందానికి ఆయన నాయకులు. అక్కడి భారత సంతతి ప్రజల హక్కులపై భారత్, పాకిస్థాన్, దక్షిణాఫ్రికా ప్రభుత్వాలు రౌండ్ టేబుల్ సమావేశం జరుపుకోవడానికి అవసరమైన ప్రాథమిక చర్చలు అవి. నేటాల్ చెరకు తోటలకు ఒప్పంద కూలీలుగా వెళ్లిన తెలుగు కుటుంబాల వారసులు కూడా ఆ ప్రజల్లో ఉన్నారు. సమావేశానికి అంగీకారం కుదిరినట్లే కనిపించింది. కానీ నివాస ప్రాంతాలను జాతుల వారీగా విడదీసే గ్రూప్ ఏరియాస్ చట్టాన్ని దక్షిణాఫ్రికా ప్రభుత్వం ఆ ఏడాదే తెచ్చింది. దాంతో ప్రయత్నం బెడిసికొట్టింది. సమావేశం జరగనే లేదు.

దేశంలో మాత్రం అదే ఏడాది మరో చర్చ ఫలించింది. స్వాతంత్ర్యం వచ్చినా స్కౌట్లు రెండుగా చీలి ఉన్నారు. ఒకవైపు బ్రిటిష్ హయాం నుంచి వస్తున్న బాయ్ స్కౌట్స్ అసోసియేషన్, మరోవైపు హిందూస్థాన్ స్కౌట్ అసోసియేషన్. ఒకే ఊళ్లో రెండు దళాలు. రెండు పక్షాలకూ పాత గాయాలున్నాయి. ఒకరికి ప్రపంచ సంస్థ గుర్తింపు ఉంది, మరొకరికి జాతీయోద్యమ కాలం నాటి అభిమానం ఉంది. ఎవరు ఎవరిలో కలవాలన్న ప్రశ్న తలెత్తితే ఐక్యత కలగానే మిగిలేది.

ప్రధాని నెహ్రూ, విద్యామంత్రి మౌలానా అబుల్ కలాం ఆజాద్ ఐక్యతను కోరుకున్నారు. బాయ్ స్కౌట్స్ పక్షాన న్యాయమూర్తి వివియన్ బోస్, హిందూస్థాన్ స్కౌట్స్ పక్షాన కుంజ్రూ, శ్రీరామ్ బాజ్‌పాయ్ కృషి చేశారు. మంగళదాస్ పక్వాసా, విద్యాశాఖ కార్యదర్శి తారాచంద్ తోడ్పడ్డారు. చివరికి ఒకరిలో మరొకరు కలవకుండా, ఇద్దరూ కలిసి కొత్త సంస్థగా మారాలన్న మార్గం కుదిరింది. 1950 నవంబరు 7న భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ ఆవిర్భవించింది. 1951 ఆగస్టు 15న గైడ్స్ సంఘం కూడా అందులో చేరింది.

సేవాసమితి కాలం నుంచి లెక్కిస్తే అప్పటికి కుంజ్రూ ఆ సంఘానికి వెచ్చించిన కాలం మూడు దశాబ్దాలకు పైమాటే. 1921లో అధికార బలం ఉన్నవారు పిలిచినా కలవని సంఘం అది. 1950లో స్వతంత్ర భారతంలో, సమాన స్థాయిలో కలయికకు వీలు ఏర్పడగానే, దాని పేరును, జెండాను వదులుకోవడానికి ఆయన వెనుకాడలేదు. నాడు వద్దన్నదానికి, నేడు సరేనన్నదానికి కారణం ఒక్కటే. పరాయి పెత్తనం లేని ఐక్యత ఆయన కోరుకున్నది. కొత్త సంస్థ జాతీయ నాయకత్వంలోనూ ఆయన బాధ్యతలు వహించారు.

ఎన్‌సీసీకి పునాది

యువజన శిక్షణలో కుంజ్రూ ముద్ర స్కౌటింగ్‌తో ఆగలేదు. 1946లో ప్రభుత్వం ఆయన అధ్యక్షతన ఒక కమిటీని నియమించింది. పాఠశాలలు, కళాశాలల్లో దేశవ్యాప్త క్యాడెట్ సంస్థను నెలకొల్పాలని ఆ కమిటీ 1947లో సిఫార్సు చేసింది. దాని ఆధారంగా 1948లో చట్టం వచ్చింది. నేషనల్ క్యాడెట్ కోర్ పుట్టింది. కళాశాల విద్యార్థులకు సీనియర్ విభాగం, పాఠశాల విద్యార్థులకు జూనియర్ విభాగం, బాలికలకు ప్రత్యేక విభాగం ఉండాలన్నది కుంజ్రూ కమిటీ సూచనే.

ఎన్‌సీసీ, స్కౌటింగ్ రెండూ క్రమశిక్షణ నేర్పేవే అయినా వాటి దారులు వేరు. ఒకటి దేశరక్షణకు సైనిక శిక్షణ ఇస్తుంది. రెండోది ఆయుధం పట్టకుండా పొరుగువాడికి సాయపడటం నేర్పుతుంది. రెండింటికీ పునాది వేసినవారిలో ఉన్న కుంజ్రూ వాటిని కలగాపులగం చేయలేదు. వ్యాయామ విద్య, క్రమశిక్షణ పథకాల సమన్వయానికి 1959లో నియమించిన కమిటీకి కూడా ఆయనే అధ్యక్షులు. 1963లో వచ్చిన ఆ కమిటీ నివేదిక ఫలితంగానే పాఠశాలల్లో నేషనల్ ఫిట్‌నెస్ కోర్ పథకం ప్రారంభమైంది.

తెలుగునేలతో ముడిపడిన నివేదిక

విడిపోయినవారు కలవాలంటే ఇరుపక్షాల సమ్మతి ఉండాలన్న సూత్రం పునర్విభజన సంఘం నివేదికలోనూ కనిపిస్తుంది. 1955 సెప్టెంబరు 30న సమర్పించిన ఆ నివేదిక, తెలంగాణ జిల్లాలను అప్పటికి హైదరాబాద్ రాష్ట్రంగా ఉంచాలని సూచించింది. 1961 ప్రాంతంలో జరిగే సాధారణ ఎన్నికల అనంతరం ఆ రాష్ట్ర శాసనసభలో మూడింట రెండువంతుల మంది అంగీకరిస్తే ఆంధ్ర రాష్ట్రంతో కలపవచ్చని పేర్కొంది. ముగ్గురు సభ్యులు కలిసి ఇచ్చిన సిఫార్సు అది. దానికి భిన్నంగా 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. 2014 జూన్ 2న తెలంగాణ ప్రత్యేక రాష్ట్రమైంది. ఈ మధ్య కాలంలో జరిగిన ఉద్యమాలన్నిటా ఆ నివేదిక చర్చకు వచ్చింది.

భారతరత్నను వద్దన్న వ్యక్తిత్వం

కుంజ్రూ రాజ్యాంగ నిర్ణాయక సభ సభ్యులు. 1952 నుంచి 1962 వరకు రాజ్యసభలో ఉన్నారు. పార్టీ బలం లేకున్నా విదేశాంగ, రక్షణ అంశాలపై ఆయన ప్రసంగిస్తే సభ శ్రద్ధగా వినేది. మంత్రి పదవి ఏనాడూ చేపట్టలేదు. స్వతంత్ర దేశంలో ప్రభుత్వం బిరుదులు పంచడం తగదన్నది ఆయన అభిప్రాయం. 1968లో ప్రభుత్వం భారతరత్న ఇవ్వజూపినప్పుడు ఆ మాటకే కట్టుబడి సున్నితంగా తిరస్కరించారు. ప్రతిఫలం కోరకుండా సేవ చేయాలని స్కౌటు బాలలకు చెప్పే పాఠాన్ని ఆయన ఎనభై ఏళ్ల వయసులో ఆచరించి చూపారు.

1978 ఏప్రిల్ 3న, తొంభై ఏళ్ల వయసులో కుంజ్రూ కన్నుమూశారు. ఆయన శతజయంతి సంవత్సరమైన 1987లో తపాలా శాఖ స్మారక బిళ్ల విడుదల చేసింది.

పుష్కర ఘాట్లలో కొనసాగుతున్న సేవ

ప్రవేశ్ నుంచి ప్రథమ, ద్వితీయ, తృతీయ సోపాన్‌లు దాటి రాజ్య పురస్కార్, రాష్ట్రపతి పురస్కారాల వరకు సాగే శిక్షణ నేడు రెండు తెలుగు రాష్ట్రాల్లోని అనేక పాఠశాలల్లో అందుతోంది. ప్రథమ చికిత్స, ముడులు వేయడం, గుడారం కట్టడం, వంట చేయడం అందులో భాగం. ఆ బాలబాలికలు ఒకే ప్రతిజ్ఞ చేస్తారు, మూడు వేళ్లతో ఒకే రీతిన వందనం చేస్తారు.

గోదావరి, కృష్ణా పుష్కరాల సమయంలో ఘాట్ల వద్ద వృద్ధుల చేయి పట్టి మెట్లు దింపుతూ, తప్పిపోయిన పిల్లలను తల్లిదండ్రుల చెంతకు చేరుస్తూ, దాహంతో ఉన్నవారికి మంచినీరు అందిస్తూ స్కౌట్లు, గైడ్లు కనిపిస్తారు. 1915లో హరిద్వార్ గంగ ఒడ్డున కుంజ్రూ బృందం చేసినది ఈ పనే. నాటికి, నేటికి నది మారింది, తరం మారింది. పని మాత్రం అదే.

అక్టోబరు 1న ఆయన జయంతి, ఆ తరువాత నెల రోజులకే జెండా దినం వస్తాయి. స్టిక్కరు అందించే విద్యార్థికి ఆ తేదీ వెనుక ఉన్న కథను ఉపాధ్యాయులు నాలుగు మాటల్లో చెప్పగలిగితే, తన మెడలోని స్కార్ఫు ఎవరి శ్రమ ఫలితమో ఆ విద్యార్థికి తెలుస్తుంది.